ఇన్నాసి సారు నోరు మూసుకున్న పూట

మొన్నొక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యి నేను కాస్త నడుము వాలుద్దామనుకుంటున్న వేళకి మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఆగిన ఆటో కదలదు, వచ్చినవాళ్ళు లోపలికి రారు. ఏమిటా అని గేటు దగ్గరికి వెళితే ఆటో డ్రైవరు రెండు చేతులూ పైకెత్తి "ఒణ్ణుమే పురియల సార్" అని నాతో మొరపెట్టుకున్నాడు. మదురై స్టేషను దగ్గర ఎక్కిన దగ్గర్నుంచీ లోపలున్నావిడ తనతో ఏవో నాలుగు మాటలే మళ్ళీమళ్ళీ చెబుతూ ఉందట, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టట, చివరికి ఫోనులో ఉన్న అడ్రసు చూసి తెచ్చి దింపాడు. దిగినావిడ మంచి పొడగరి. ఎండకి కందిపోయిన ముక్కు, నలభై దాటిన వయసు, భుజాన ఒక సంచి. నన్ను చూసి చేతులు జోడించి, పద్యం అప్పజెప్పే పిల్లలాగా గుక్క తిప్పుకోకుండా అంది: "నేను ఇన్నాసి బిడ్డను. బాగుండారా? కాళ్ళు కడుక్కోని లోపలికి వస్తా."

ఆ మాటలు మా అవ్వవి. అవ్వ అంటే మా నాయన తల్లి. బయటినుంచి వచ్చిన మనిషి ఎంత గొప్పవాడైనా సరే, కాళ్ళు కడుక్కోకుండా గడప దాటితే ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచేది. ఆవిడ పోయి ఎన్నేళ్ళో అయింది. ఆ సాగదీత, 'కడుక్కోని' అన్నచోట ఆ చిన్న నొక్కు, అన్నీ స్పెయిన్ దేశం దాకా వెళ్ళి తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడ్డాయి. ఆవిడ నిజంగానే కుళాయి దగ్గరికి వెళ్ళి చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుంది. నేను తువ్వాలు కోసం లోపలికి పరిగెత్తాను.

పేరు మార్తా. వాళ్ళ నాన్న చిన్నప్పుడు నేర్పిన నాలుగైదు మాటలు తప్ప తక్కిన కబుర్లన్నీ మేము ఇంగ్లీషులోనే చెప్పుకున్నాం. మదురైలో ఊరంతా ఈ మాటే మాట్లాడుతుందని ఆవిడ అనుకుంది. వాళ్ళ నాన్న ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా, ముసిముసిగా నవ్వుకుంటూ విమానం ఎక్కించాడట. అది విని నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే పొరపాటు మొదట చేసిన మనిషి ఆయనే మరి. మా నవ్వులకి మా మనవడు నిఖిల్ ఫోనులోంచి తలెత్తాడు. స్పెయిన్‌లో ఏ జట్టు ఎవరితో ఎప్పుడు ఆడుతుందో వాడికి కంఠతా. "తాతా, ఒక స్పెయిన్ ప్లేయర్ మన ఊర్లో ఉండినాడా? నెజమావా?" అన్నాడు. "ఊర్లో కాదురా, ఊరి మన పాతింట్లోనే. పత్తి గదిలో" అన్నాను. వాడు నమ్మలేదు. వాడికోసం ఆ పూట చెప్పిందే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఆయన అసలు పేరు ఇనాసియో. మా పక్క కిరస్తానీ ఇళ్ళలో ఆ పేరుని ఎప్పట్నుంచో ఇన్నాసి అని పిలుచుకుంటారు కాబట్టి బస్సు దిగిన రోజే ఆయన ఇన్నాసి సారు అయిపోయాడు. స్పెయిన్ ఉత్తరాన సముద్రం పక్క ఊరు. మీసాలు సరిగా రాకముందే, జీతమిచ్చి ఆడించుకునే క్లబ్బులో చేరాడు. పెద్ద జట్టుకి ఎక్కుతాడని అందరూ అనుకుంటున్న దశలో మోకాలు పోయింది. కోసి కుట్టారు, మళ్ళీ ఆడాడు, మళ్ళీ పోయింది. ముప్ఫై నిండేసరికి ఆటగాడిగా ఆయన పని అయిపోయింది. ఊళ్ళో మేనమామకి చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉంది, వచ్చి అజమాయిషీ చూసుకోమన్నాడు. ఈయనకి ఆ వాసనే పడదు. పళని కొండల్లో పాదిరీగా ఉన్న అన్న, ఇక్కడొక బడిలో ఆటల టీచరు కావాలంటున్నారు, వచ్చి చూడమని పిలిపించుకున్నాడు. బడివాళ్ళు ఒక్క ఏడాది చూస్తామన్నారు. కోయంబత్తూరులో మిల్లువాళ్ళు ఏటా బడిపిల్లలకి ఫుట్‌బాల్ పోటీ పెట్టేవాళ్ళు. మా బడి జట్టు ప్రతిసారీ మొదటి ఆటలోనే ఓడి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేది. ఈసారి ఒక్క ఆటయినా గెలిస్తే సారు ఉంటాడు, లేకపోతే వెనక్కి, చేపల దగ్గరికి. ఈ షరతు హెడ్మాస్టరుగారు ఆయనకి మొదటి రోజే చెప్పారు. ఆయన రెండో రోజే మాకు చెప్పేశాడు.

తిరుమంగళంలో బస్సు మారి, ఇంకో బస్సు దిగి, నల్లరేగడి చేల మధ్య కాసేపు నడిస్తే మా ఊరు. ఊళ్ళో సగానికి పైగా మా తెలుగు ఇళ్ళే. ఏ రాజు కాలంలో ఎందుకొచ్చామో ఎవరికీ సరిగా తెలియదు. తెలిసిందల్లా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువంతా తమిళమే. తెలుగు అక్షరాలు నేను కాలేజీకి వచ్చాక పట్టుబట్టి నేర్చుకున్నాను, మా నాయనకి, అవ్వకి అవి చివరిదాకా రానేలేదు. బడి దగ్గర బస లేకపోతే, బడి కమిటీలో ఉన్న మా నాయన "మా మేడ గది ఖాళీ గదా" అని ఇన్నాసి సారుని మా ఇంటికి తెచ్చాడు. ఖాళీ అన్నది నాయన మాట. ఆ గదిలో సగం పత్తి. ధర కుదిరేదాకా పత్తిని ఇంట్లో పోసుకోవడం మా వైపు ఇళ్ళలో మామూలే. ఆ వెచ్చటి నూనె వాసన, కింద వసారాలో ఆరబోసిన ఎండుమిరప ఘాటు, పెరట్లో దంచుతున్న ధనియాల వాసన, ఈ మూడూ కలిసి మేడెక్కేవి. సారు మొదటి రాత్రంతా తుమ్ముతూనే ఉన్నాడు. పొద్దున్నే కిందికి దిగి, నీళ్ళు కారే ముక్కుతో అవ్వకి దండం పెట్టాడు. అవ్వ ఆయన మొహం చూడలేదు, కాలు చూసింది. "ఏమబ్బయా, ఆ కాలు ఏంటికి అట్ల ఈడుస్తా ఉండావు?" అంది.

ఆ రోజునుంచీ ఆ మోకాలు అవ్వ సొంతమైపోయింది. తెల్లారకముందే వావిలాకు వేసి నీళ్ళు మరగకాచేది. ఇల్లంతా ఆ చేదు ఘాటు. సారుని గడప మీద కూర్చోబెట్టి, గుడ్డ ముంచి, పిండి, కాపడం పెట్టేది. ఆయన "ఆయ్ ఆయ్" అనేవాడు. "ఇంత మొగోనివి, ఇంత వేడికి ఏడస్తావా?" అని అవ్వ ఇంకాస్త గట్టిగా నొక్కేది. తర్వాత పత్తిగింజలు రుబ్బి పిండి తీసిన పాలు, బెల్లం, శొంఠి వేసి కాచినవి, ఒక పెద్ద చెంబుడు. ఆ పాలతో మోకాలు బాగుపడిందో లేదో నాకు తెలియదు గానీ సారుకి పొట్ట మాత్రం వచ్చింది. అమ్మ సజ్జ కూడులో చల్ల పోసి, వేయించిన మిరపకాయ నంజుకోమని పెడితే మొదటి వారం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, తర్వాత రెండోది అడగడం మొదలుపెట్టాడు.

మాటలు కూడా ఆ గడప మీదే నేర్చుకున్నాడు. అవ్వ ఒక చేత్తో కాపడం పెడుతూ ఇంకో చేత్తో చూపించేది: ఇది కాలు, ఇది కుండ, అది దూడ, అదో పోతా ఉండాడే వాడు పనికిమాలినోడు. పనికిమాలినోడు నేనే. ఆయన పొద్దస్తమానం వల్లెవేసుకుని, మూడు నెలలకల్లా గడగడా మాట్లాడేశాడు. జట్టులో కుర్రాళ్ళం దాదాపు అందరం చుట్టుపక్కల తెలుగు ఊళ్ళవాళ్ళమే, మాతో ఆ మాటే సరిపోయేది. బడిలో టీచర్లు ఆయన్ని చూడగానే ఇంగ్లీషు అందుకునేవాళ్ళు. అందుకని తాను నేర్చుకున్నది తమిళమేనని ఆయన గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.

క్రిస్మస్ సెలవుల్లో పాదిరీ అన్న మా ఇంటికొచ్చాడు. ఆయన ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవాడు, తమిళంలో ప్రసంగాలు చేసేవాడు. తమ్ముడు గుమ్మంలో ఎదురెళ్ళి, ఎంతో గర్వంగా, "రాన్నా, కూసో. దోవలో బస్సు దొరికెనా? సల్ల తాగతావా?" అన్నాడు. పాదిరీగారు వెనక్కి తిరిగి చూశారు, ఎవరితోనో అంటున్నాడనుకుని. తర్వాత ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో గబగబా అనుకున్నారు. సారు మొహం మిరపకాయలా అయింది. సరాసరి అవ్వ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా! ఇది తమిళం కాదంట గదా!"

"తమిళమని ఎవురు సెప్పినారు నీకు? ఇది మనింటి మాట. తెలుంగు."

"ముందే ఏంటికి సెప్పలేదు?"

"నువ్వు అడిగితివా?" అంది అవ్వ, పెసలు చెరుగుతూనే.

పాదిరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. సారు మాత్రం ఆ సాయంత్రం ముభావంగా ఉన్నాడు. మర్నాటికి ఆయన కళ్ళలో వెలుగొచ్చింది. తమిళం కాకపోవడమే మంచిదయింది, బయట ఎవరికీ తెలియని మాట మన దగ్గర ఉంది కదా అన్నాడు మాతో. మాకూ అది మహా గొప్ప కిటుకులా తోచింది.

ఆట నేర్పిన తీరు చెబితే నిఖిల్ ఇంకా నవ్వుతున్నాడు. నల్లరేగడి నేల ఎండితే బీటలు, తడిస్తే జిగురు. బంతి ఒక వైపు తంతే బీటలో తగిలి ఇంకో వైపు పోయేది. సారు తల పట్టుకుంటే అవ్వ "కళ్ళం సేసేటట్ల సెయ్యండి" అంది. ధాన్యం నూర్చే కళ్ళానికి చేసినట్టే, నీళ్ళు చల్లి, ఎడ్లని గుండ్రంగా తిప్పి తొక్కించి, పేడతో అలికించాం. స్పెయిన్‌లో జీతం తీసుకుని ఆడిన మనిషి ఎడ్ల వెనకాల ముల్లుకర్ర పట్టుకుని తిరగడం చూడ్డానికి పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు. నేను గోల్‌కీపరుని. పొడుగ్గా ఉంటానని, పరిగెత్తడానికి బద్ధకమని ఆ పని నాకిచ్చారు. నేల మీద పడి బంతి పట్టాలంటే నాకు ప్రాణం పోయేది. సారు నన్ను మేడ మీదకి తీసుకెళ్ళి పత్తి కుప్ప ముందు నిలబెట్టి బంతులు విసిరేవాడు. ఇక చూడండి నా వీరత్వం! అటు దూకు, ఇటు దూకు, పత్తిలో మునిగిపో. జుట్టునిండా, చెవుల్లో, ముక్కులో పత్తి. కిందినుంచి అమ్మ "నా పత్తంతా మట్టి సేస్తా ఉండారు, వచ్చినానంటే ఇద్దర్నీ కొడతా!" అని అరిచేది. సారు నా వంక చూసి గుసగుసగా "అమ్మ ఇద్దర్నీ అనె" అనేవాడు.

తిరుమంగళంలోనూ మదురైలోనూ స్నేహానికి ఆడిన ఆటల్లో ఆ కిటుకు భలే పనిచేసింది. సారు గట్టు మీదినుంచి గొంతు చించుకునేవాడు. "చిన్నప్పా, ఎడం పక్క ఉండేవానికి కాలు నొప్పి, వాని మీద పో! రంగా, దూరంగ ఎయ్యి!" చిన్నప్ప మా కెప్టెన్, మా ఊరి కిరస్తానీ కుర్రాడు, వాళ్ళ నాన్న రోడ్డు పనికి పోయేవాడు. రంగా అంటే నేను. అవతలివాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. తెల్లాయన మంత్రాలు చదువుతున్నాడని జనంలో ఒకళ్ళిద్దరు అన్నారు కూడా. మేము వరసగా గెలిచాం. ఒక్కటే సంగతి, బంతి ఎవరి కాళ్ళ దగ్గరికొచ్చినా పదకొండు తలలూ ముందు ఆయన వైపు తిరిగేవి. ఆయన చెప్పాకే కాలు కదిలేది. అదేదో లోపమని మాకు తట్టలేదు.

కోయంబత్తూరు ప్రయాణం దగ్గరపడే కొద్దీ సారు తిండి తగ్గించాడు. ఒక పొద్దున కాపడం పెట్టించుకుంటూ అవ్వని అడిగాడు. నేను పక్కనే పళ్ళు తోముకుంటున్నాను.

"ఆడేది పోయె అవ్వా. ఆడించేది నాకు వచ్చునా రాదా? అది గూడా రాదంటే నేను ఇంక దేనికి పనికొస్తా? అది ఎట్ల తెలిసేది?"

"తెలిసేటప్పుడు తెలస్తాది. ముందు కూడు తిను" అంది అవ్వ. చెయ్యి మాత్రం ఆ రోజు గట్టిగా నొక్కలేదు.

పళని మీదుగా బస్సులో వెళ్ళాం. పళనిలో బస్సు ఆగినప్పుడు మేమంతా కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంటుంటే చిన్నప్ప కూడా పెట్టాడు. "నువ్వేందిరా?" అంటే "ఇప్పుడు ఒక్క సామి చాలడు" అన్నాడు. కోయంబత్తూరు గాలి చల్లగా తగిలింది. మైదానం ఎర్రమట్టి. మిల్లుల వైపునుంచి పత్తి వాసన వచ్చేసరికి నాకు మా మేడ గది గుర్తొచ్చి కాస్త ధైర్యం వచ్చింది. అవతలి జట్టు కుర్రాళ్ళు మహా మర్యాదస్తులు. "వాంగ వాంగ, ఉక్కారుంగ" అంటూ ప్రతి మాటకీ చివర 'ంగ' తగిలించి మమ్మల్ని కూర్చోబెట్టారు. మేము తెలుగులో వాళ్ళని కాసేపు వెక్కిరించుకున్నాం కూడా. వాళ్ళు చిరునవ్వుతో వింటూ నీళ్ళు పోశారు.

ఆట మొదలయ్యాక ఏం జరుగుతోందో మాకు అంతుపట్టలేదు. సారు "కుడి పక్క ఎయ్యి" అంటే, నేను బంతి ఎత్తేలోపే వాళ్ళవాడు కుడి పక్కన చేతులు నడుముమీద పెట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. "చిన్నప్పా, నడుమ పో" అంటే నడుమ ముగ్గురు. సారు ఇంకా గట్టిగా అరిచాడు, ఇంకా వివరంగా చెప్పాడు, మేము ఇంకా ఘోరంగా ఆడాం. రెండు గోల్స్ పడ్డాయి. రెండోదానికి నేను దూకాల్సింది, ఎర్రమట్టిలో గులకరాళ్ళు చూసి నిలబడిపోయాను. సగం ఆట అయ్యేసరికి సారు మొహం పాలిపోయింది. చేపల ఫ్యాక్టరీ ఆయన కళ్ళముందు కనబడుతోందని మా అందరికీ తెలుసు.

నేను నీళ్ళకోసం కుండ దగ్గరికి వెళ్ళాను. ఆ పక్కనే చెట్టు నీడలో ఒక పెద్దావిడ, ముక్కుకి రెండువైపులా బేసరులు, చెంబులోంచి మజ్జిగ వంపి మనవడికి ఇస్తోంది. ఆ మనవడే నా మీద రెండు గోల్సూ కొట్టినవాడు. ఆవిడ వాడి చెమట తుడుస్తూ అంటోంది: "మెల్లగ తాగు కన్నా. ఆ తెల్లాయన సెప్పేది బాగ విను, విన్నాకనే పరిగెత్తు. పాపం, ఎంత సక్కంగ సెప్తా ఉండాడో!"

నేను గ్లాసు అక్కడే వదిలేశాను. మేము తెలుగంటే మా నాలుగూళ్ళదే అనుకునేవాళ్ళం. బయట అడుగు పెట్టగానే తమిళంలోకి మారిపోవడం మాకు ఎంత అలవాటంటే, మాలాగే ఇంకో ఊళ్ళోనూ గడప లోపల ఒకటి, బయట ఒకటి మాట్లాడేవాళ్ళు ఉంటారని ఒక్కరి బుర్రకీ తట్టలేదు. కోయంబత్తూరు చుట్టుపక్కల మావాళ్ళు ఎన్ని తరాలుగా ఉన్నారో, ఆ మిల్లుల్లో ఎంతమంది ఉన్నారో నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పరిగెత్తుకెళ్ళి "సార్! వాండ్లు గూడా మనవాండ్లే!" అని అరిచాను.

సారుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

"స్పానిష్‌లో సెప్పండి సార్" అన్నాడు ఒకడు.

"మీకు వస్తాదా?"

"పోనీ తమిళంలో?"

"నాకు వస్తాదా?"

ఎవరో నవ్వాపుకోలేక కిసుక్కుమన్నారు. సారు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశాడు. "సరి. ఇంక నేను సెప్పను. మీరే సూసుకోండి" అని గట్టు మీద కూర్చుని, జేబులోంచి అవ్వ కట్టిచ్చిన చెనక్కాయలు తీసి వొలుచుకోవడం మొదలుపెట్టాడు.

రెండో సగం మొదట్లో ఆ మైదానంలో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. బంతి మా వాడి కాళ్ళ దగ్గరికి వస్తుంది, మా పదకొండు తలలూ సారు వైపు తిరుగుతాయి. వాళ్ళ పదకొండు తలలూ కూడా సారు వైపే తిరుగుతాయి. ఆయన చెప్పనిదే ఎటు పరిగెత్తాలో వాళ్ళకీ తెలియకుండా పోయింది. సారు ఆకాశంలోకి చూస్తూ చెనక్కాయలు నములుతున్నాడు. అట్లా కాసేపు ఇరవైరెండు మందిమీ ఉత్సవ విగ్రహాల్లా నిలబడ్డాం. చివరికి చిన్నప్పకి విసుగొచ్చింది. ఎవరి వంకా చూడకుండా బంతి తీసుకుని నడుమ నుంచి దూసుకుపోయి కొట్టాడు. గోల్. తర్వాత ఎవరు ఎవరికి ఏం చెప్పారో తెలియదు, కళ్ళతో, ఈలలతో, ఒక్కోసారి ఏమీ లేకుండానే బంతి ఒకడినుంచి ఒకడికి పోతోంది. వాళ్ళ మనవడు మళ్ళీ నా మీదికి వచ్చి మూలకి కొట్టాడు. నేను దూకాను. గులకరాళ్ళు మోచేతులు చెక్కేశాయి, బంతి మాత్రం నా రొమ్ము కింద ఉంది. లేచి, దూరంగా ఒంటరిగా ఉన్న మావాడిని చూసి విసిరాను. అది రెండో గోల్ అయింది.

టైమయ్యేసరికి సమానం కాబట్టి ఇంకాసేపు ఆడించారు. అందులో వాళ్ళు ఒకటి కొట్టారు. నా వేళ్ళకి తగిలే పోయింది. మేము ఓడిపోయాం.

మేమంతా మైదానంలోనే కూర్చుని ఏడ్చాం. చిన్నప్ప అయితే వెక్కివెక్కి ఏడ్చాడు. మా వల్ల సారు వెళ్ళిపోతాడని అందరి మనసులోనూ ఒకటే దిగులు. ఆయన మాత్రం మా మధ్యకి వచ్చి ఒక్కొక్కడి తలమీదా చెయ్యి వేస్తూ నవ్వుతున్నాడు. దుఃఖంతో మతి పోయిందనుకున్నాం. అప్పుడే ఆ మజ్జిగ పెద్దావిడ, ఆవిడ వెనకాలే మిల్లులో ఆటల వ్యవహారం చూసే పెద్ద కొడుకు వచ్చారు.

"ఏమి సామీ, ఎవురు నేర్పినారు నీకు మా మాట?" అంది ఆవిడ.

"మా అవ్వ" అన్నాడు సారు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెగ నవ్వింది. కొడుకు మాత్రం ఆట సంగతే మాట్లాడాడు. "మొదట్లో మీ టీములో ఒక్కరే ఆడినారుంగ, మీరు. తర్వాత పిల్లకాయలు ఆడినారు. మాకు మిల్లు టీము ఉండాది, నేర్పేదానికి మనిషి లేడు. వస్తారా?" అన్నాడు.

షరతు షరతే. హెడ్మాస్టరుగారు మాట తప్పే మనిషి కారు. మా బడిలో సారు పని ఆ ఏటితో ముగిసింది, ఆయన కోయంబత్తూరు వెళ్ళిపోయాడు. అవ్వ ఒక గోనెడు పత్తిగింజలు, ఇంత వావిలాకు మూట కట్టి ఆయనతో బస్సెక్కించింది. "ఆడ గూడా మనవాండ్లే ఉండారంట, కాపడం పెట్టమను. సిగ్గు పడవద్దు" అంది. సెలవులకి వచ్చేవాడు. ఆ మిల్లు టీమును కొన్నేళ్ళు ఆడించి, తర్వాత స్పెయిన్ వెళ్ళాడు. ఉత్తరాలు రాసుకున్నాం, తర్వాత తగ్గిపోయాయి. అవ్వ పోయిన కబురు రాస్తే మాత్రం, మా వైపు వాళ్ళలాగే తల గొరిగించుకున్నానని జవాబు రాశాడు.

మిగిలిన కథ మార్తా చెప్పింది. పెద్ద క్లబ్బులేవీ ఆయన్ని పిలవలేదు. చిన్న ఊళ్ళ జట్లు, అందులో ఒకదాన్ని పై మెట్టుకి ఎక్కించాడు, ఇంకొకటి ఆయన చేతుల్లోనే దిగజారింది. చివరి పదేళ్ళూ పిల్లల జట్లు. "కానీ నాన్నలో ఒక వింత ఉంది" అంది. "అక్కడి కోచ్‌లు ఆట జరుగుతున్నంతసేపూ గంతులేస్తారు, అరుస్తారు. నాన్న వారమంతా నేర్పుతాడు, అరిచి చంపుతాడు. ఆట మొదలైతే మాత్రం నోరు విప్పడు. వేరుశనగలు తింటూ కూర్చుంటాడు. పత్రికలవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా కారణం చెప్పలేదు. మీకేమన్నా తెలుసా?"

నేను పైన రాసినదంతా అప్పుడే చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నిఖిల్ ఆ ఫోను ఇటివ్వమని, వీడియో కాల్ పెట్టించాడు. తెరమీద బట్టతల, తెల్లగడ్డం, వెనకాల కిటికీలో వాన. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను ఇన్నేళ్ళు పట్టణంలో ఉండి, పుస్తకాలు చదివి, నా తెలుగుని ఇస్త్రీ చేసుకున్నాను. నా పిల్లలది తమిళమూ ఇంగ్లీషూ కలిసిన తెలుగు, నిఖిల్‌కి అందులోనూ సగమే వచ్చు. ఆయనది మాత్రం గడప మీద నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఉంది. నిఖిల్ నా చొక్కా లాగి "తాతా, ఆయన స్పానిష్‌లోనా మాట్లాడతా ఉండాడు?" అని అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎప్పట్నుంచో లేని మా ఇల్లు ఆ గొంతులో వినిపించింది, చాలా సంతోషమనిపించింది.

మోచేతుల సంగతి అడిగాడు, చూపించాను, మచ్చలు ఇంకా ఉన్నాయి. చిన్నప్ప ఏడి అన్నాడు. కోయంబత్తూరులోనే ఉన్నాడని, ఆ మిల్లు టీములోనే ఆడి రిటైరయ్యాడని చెప్పాను. ఆ తర్వాత, ఇంక ఎప్పుడు అడుగుతానో అని, అడిగేశాను.

"సార్, ఆ రెండో సగంలో చెనక్కాయలు తింటా ఏమనుకుంటా ఉంటిరి?"

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మొదట చేపల వాసన వస్తా ఉండె ముక్కుకి. నీ పని అయిపాయ ఇన్నాసీ అనుకుంటి. అరవకుండా నాలిక పండ్ల కింద పెట్టుకోని ఉంటి. మీరంతా నా పక్కే సూస్తా ఉంటిరి గదా, గొర్రిపిల్లల మాదిరి. ఆపైన చిన్నప్ప సూసేది మానేసె. ఒగొగడే మానేస్తిరి. కడాకు బంతి నీ సేతికి వచ్చె, నువ్వు గూడా నా పక్క సూడలేదు రంగా. ఎవునికో విసిరేస్తివి. అప్పుడు తెలిసె నాకు."

"ఏమి తెలిసె సార్?"

"ఆడించేది నాకు వచ్చునని."